బ్రేకుల డైరీ: తిరుమల దిగిన రోజు నుంచి

ఫిబ్రవరి 9, ఆదివారం. మీటరు 81,340

తిరుమల నుంచి దిగుతున్నాం. అలిపిరి ఇంకో నాలుగు మలుపులు ఉందనగా కాలిన వాసన మొదలైంది. ముందు పోతున్న బస్సుదేమో అనుకున్నాను. వెనుక సీట్లో అమ్మ కిటికీ అద్దం ఎత్తేసింది. తర్వాతి మలుపులో బ్రేకు తొక్కితే పెడల్ రోజూ ఆగే చోట ఆగలేదు. ఇంకో అంగుళం దిగింది, అదీ స్పాంజి మీద కాలు పెట్టినట్టు మెత్తగా. బండి ఆగింది. కానీ ఆ ఒక్క అంగుళానికి నా చేతులకు చెమటలు పట్టాయి. అమ్మ, నాన్న, అక్క, అక్క కూతురు, నేను, డిక్కీలో సామాను. 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ముందు వెంటిలేటెడ్ (మధ్యలో గాలి పోయే సందులున్న) డిస్కు బ్రేకులు, వెనుక డ్రమ్ము బ్రేకులు.

కింద పక్కకు ఆపి చూస్తే ముందు ఎడమ చక్రం నుంచి సన్నగా పొగ వస్తోంది. నాన్న నీళ్ళ బాటిల్ మూత తీశారు. పోయొద్దన్నాను. అంతగా కాగిన పోత ఇనుము మీద చన్నీళ్ళు పడితే పగుళ్ళు రావచ్చు. ముప్పావుగంట అలాగే వదిలేశాం. చల్లారాక పెడల్ మళ్ళీ గట్టిపడింది. ముళబాగిలు దాటి హైవే ఎక్కాక ఇంకొకటి బయటపడింది. 80 వేగంలో మెల్లగా బ్రేకు వేస్తే స్టీరింగ్ ఎడమకీ కుడికీ వణుకుతోంది.

ఇంటికొచ్చి నిద్ర పట్టక లెక్క వేసుకున్నాను. బండి, మనుషులు, సామాను కలిపి సుమారు 1,300 కిలోలు. కొండ మీద నుంచి అలిపిరికి ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. అంత బరువు అంత ఎత్తు నుంచి దిగితే దాదాపు 90 లక్షల జౌళ్ళ శక్తి ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి. ఇదే బండిని 100 కిలోమీటర్ల వేగం నుంచి ఒకసారి పూర్తిగా ఆపితే పుట్టే వేడి 5 లక్షల జౌళ్ళు. అంటే ఒక్కసారి కొండ దిగడం 100 వేగం నుంచి 18 సార్లు ఆపడంతో సమానం. టైర్లు, గాలి కొంత తీసుకుంటాయి. తక్కువ గేర్లో ఉంటే ఇంజిన్ చాలా తీసుకుంటుంది. నేను నాలుగో గేర్లో, బ్రేకు మీద నుంచి కాలు తీయకుండా దిగాను. ఆ వేడిలో చాలా భాగం డిస్కులకే పోయింది.

ఘాట్లో వేగం తక్కువే. కిందికి 40 నిమిషాల కన్నా ముందు చేరకూడదని నిబంధన కూడా ఉంది. వేగం తక్కువ కదా అని ధీమాగా ఉన్నాను. డిస్కుకి వేగం కన్నా ఊపిరాడని వేడి ప్రమాదమని ఇవాళ తెలిసింది.

ఫిబ్రవరి 15, శనివారం

హూడి దగ్గర నేను ఎప్పుడూ వెళ్ళే షెడ్డుకి తీసుకెళ్ళాను. మెకానిక్‌ది పలమనేరు పక్కన పల్లె. బెంగళూరు వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా మాట మారలేదు. జరిగింది చెప్పగానే ఆయన చక్రం వైపు చూడలేదు, నా వైపు చూశాడు.

“ఏ గేర్లో దిగినావు సామీ?”

“నాలుగులో.”

“ఎక్కేటప్పుడు ఏ గేరు పడిందో దిగేటప్పుడూ అదే గేరు. మా నాయన లారీ తోలేటప్పుడు చెప్పిన మాట ఇది. సరే, విప్పి చూద్దాం పట్టు. బండిలో కూడా తప్పుంటాది.”

ఉంది. ఒకటి కాదు, మూడు.

మొదటిది ప్యాడ్లు, అంటే డిస్కుని రెండు వైపులా నొక్కి ఆపే పలకలు. ఎడమ చక్రంలో లోపలి ప్యాడ్ 2 మి.మీ. మిగిలింది, బయటిది 5 మి.మీ. ఉంది. ప్యాడ్లను పట్టుకుని డిస్కుకి నొక్కే భాగం క్యాలిపర్. చిన్న కార్లలో ఎక్కువగా ఉండేది ఫ్లోటింగ్, అంటే జారే రకం. పిస్టన్ ఒకవైపే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ని నొక్కితే, క్యాలిపర్ మొత్తం రెండు గైడ్ పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ని డిస్కుకి లాగుతుంది. పిన్ను పట్టేస్తే క్యాలిపర్ జారదు, కాలు తీశాక వెనక్కీ పోదు. లోపలి ప్యాడ్ డిస్కుకి రాసుకుంటూనే ఉంటుంది. మాకు కింది పిన్ను చేత్తో కదల్లేదు. బయటికి లాగితే దాని మీది రబ్బరు ఉబ్బిపోయి ఉంది. ఇంతకుముందు ఎవరో సర్వీసులో మామూలు బేరింగ్ గ్రీజు పూశారు. ఈ రబ్బరుకి పెట్రోలియం గ్రీజు పడదు, ఉబ్బుతుంది. ఇక్కడ సిలికాన్ గ్రీజే వాడాలి. అరచెంచా గ్రీజు తప్పుగా పడితే ఒక చక్రం రెండేళ్ళు కాలుతూ తిరిగింది. నాకు నిజంగా కోపం వచ్చింది.

రెండోది డిస్కులు. డిస్కు మీద కనీస మందం అచ్చువేసి ఉంటుంది. మాది 18 మి.మీ. ఇక్కడ వెర్నియర్ పెట్టకూడదు. ప్యాడ్ తాకని అంచు దగ్గర గట్టులా మిగిలిపోతుంది, వెర్నియర్ ఆ గట్టునే కొలిచి మందం ఎక్కువ చూపిస్తుంది. మైక్రోమీటర్‌తో, అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపలికి, చుట్టూ ఎనిమిది చోట్ల కొలిచాం. కుడిది 18.6. ఎడమది ఒకచోట 18.34, ఎదురుగా 18.30. స్టీరింగ్ వణుకు ఆ 0.04 తేడా నుంచే వచ్చింది. “డిస్కు వంగింది” అని అందరం అంటాం కానీ నిజంగా వంగడం అరుదు. బాగా వేడెక్కిన ప్యాడ్ పదార్థం డిస్కు మీద అక్కడక్కడ అంటుకుంటుంది, లేదా డిస్కు ఎగుడుదిగుడుగా అరుగుతుంది. పలుచని చోటు, మందమైన చోటు మార్చి మార్చి ప్యాడ్ల మధ్య నుంచి పోతుంటే ఆ దెబ్బ స్టీరింగ్‌లో తెలుస్తుంది. లేత్ మీద పట్టించి సమం చేయొచ్చు. కానీ ఎడమదాంట్లో కనీస మందానికి మిగిలిందే 0.3 మి.మీ. పట్టిస్తే మిగలదు. డిస్కు పలచబడితే వేడి దాచుకునే ఇనుము కూడా తగ్గుతుంది. పైగా ఎప్పుడూ రెండు వైపులా జతగానే మార్చాలి. కొత్తవే తీసుకుందాం అనుకున్నాం.

మూడోది బ్రేక్ ఆయిల్. రిజర్వాయరులో రంగు కాఫీ డికాక్షన్‌లా ఉంది. టెస్టర్ ముంచితే నీరు 3 శాతం పైన చూపించింది. నాలుగేళ్ళుగా మార్చలేదు. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. కొండ దిగేటప్పుడు క్యాలిపర్ దగ్గర ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుట్టాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ మెత్తబడింది అందుకే. ప్యాడ్ మాత్రమే వేడెక్కి పట్టు తప్పితే లక్షణం వేరు. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, బండే ఆగదు. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే ఆయిల్ మార్చాల్సిన చోట ప్యాడ్లు మార్చి ఊరుకుంటాం.

ఫిబ్రవరి 22, శనివారం. జె.సి. రోడ్డు

బెంగళూరులో బండి సామాను అంటే జె.సి. రోడ్డే. రవీంద్ర కళాక్షేత్ర దాటాక రెండు వైపులా దుకాణాలు. మెట్రో దిగి నడిచాను.

మొదటి దుకాణంలో కన్నాలు తొలిచి గాట్లు కోసిన డిస్కులు చూపించారు, పైన బంగారు రంగు పూత. చూడటానికి చాలా బాగున్నాయి. వారం రోజులుగా చదివింది ఒకటే గుర్తుపెట్టుకుని వదిలేశాను. పాత కాలం ప్యాడ్లు వేడెక్కితే వాయువు వదిలేవి, అది పోవడానికి కన్నాలు పెట్టారు. ఇప్పటి ప్యాడ్లలో ఆ బాధ తక్కువ. నాకు కావలసింది వేడిని దాచుకునే ఇనుము, కన్నం పెడితే తగ్గేదే అది. పోత డిస్కుని తొలిస్తే వేడికి కన్నం అంచు నుంచి పగుళ్ళు మొదలవుతాయి. గాట్లకు కొంత ప్రయోజనం ఉంది. వాననీటినీ ప్యాడ్ పొడినీ తుడిచేస్తాయి. కానీ ప్యాడ్లు తొందరగా అరుగుతాయి, శబ్దం పెరుగుతుంది. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో రోజూ నడిచే బండికి నేను గాట్లు వేయించను.

పెద్ద డిస్కులూ పెద్ద క్యాలిపర్లూ వేసే కిట్ గురించి కూడా ఆలోచించాను. నాది 14 అంగుళాల చక్రం, అందులో పెద్ద క్యాలిపర్ పట్టదు. పట్టించినా ముందు బ్రేకు బలం పెరిగి, ముందు వెనుకల మధ్య కంపెనీ పెట్టిన పొందిక చెడుతుంది. ఇంకో విషయం. ఇప్పుడున్న బ్రేకుతోనే గట్టిగా తొక్కితే ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు) పనిచేస్తోంది. అంటే టైరు పట్టు అక్కడికే అయిపోయింది. బ్రేకు ఎంత పెంచినా ఆ ఒక్కసారి ఆగే దూరం తగ్గదు, టైరు మంచిదైతే తగ్గుతుంది. బ్రేకుల్లో మనం పెంచుకునేది పదోసారి తొక్కినప్పుడు కూడా మొదటిసారిలాగే పట్టడం. నాకు కొండ మీద లేకపోయింది అదే.

కాబట్టి నునుపు ముఖం ఉన్న వెంటిలేటెడ్ డిస్కులు, కంపెనీ కొలతలోనే, పేరున్న తయారీవి. హబ్‌ని (డిస్కూ చక్రమూ బిగించే మధ్య దిమ్మని) తాకే మధ్య భాగానికీ అంచుకీ తుప్పు పట్టకుండా బూడిద రంగు పూత ఉన్నవి తీసుకున్నాను. వానల్లో అది చాలా ఉపయోగం. కొత్త మందం 20 మి.మీ.

ప్యాడ్ల దగ్గరే ఎక్కువసేపు పట్టింది. ఆర్గానిక్‌వి మెత్తన, శబ్దం ఉండదు, డిస్కుని తక్కువ అరగదీస్తాయి, కానీ వేడికి తొందరగా లొంగుతాయి. సెమీ మెటాలిక్ వేడిని బాగా తట్టుకుంటాయి, కానీ నల్లపొడి రాలుస్తాయి, డిస్కుని ఎక్కువ తింటాయి. సిరామిక్‌వి శుభ్రం, నిశ్శబ్దం, ధర ఎక్కువ. ట్రాక్ మీద వాడే ప్యాడ్లు మాత్రం రోడ్డుకి వద్దేవద్దు. అవి వేడెక్కాకే పట్టుకుంటాయి. పొద్దున ఆఫీసుకి బయల్దేరగానే పిల్లాడు అడ్డం వస్తే అప్పుడు ప్యాడ్ చల్లగానే ఉంటుంది.

చాలా ప్యాడ్ల వెనుక రెండక్షరాల గుర్తు ఉంటుంది, అది చూడడం నేర్చుకున్నాను. మొదటి అక్షరం మామూలు వేడిలో రాపిడి, రెండోది బాగా వేడెక్కాక రాపిడి. ‘ఇ’ అంటే 0.25 నుంచి 0.35, ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45, ‘జి’ అంటే 0.45 నుంచి 0.55. ‘ఎఫ్ఇ’ అని ఉంటే వేడెక్కాక పట్టు తగ్గుతుందని అర్థం. ‘ఎఫ్ఎఫ్’ ఉన్న సెమీ మెటాలిక్ సెట్ దొరికింది. రెండు అక్షరాలూ ఒకటే కావడం నాకు నచ్చింది. ‘జిజి’ కూడా చూపించారు, దాని జోలికి పోలేదు. ఈ అక్షరాలు రాపిడిని చెప్తాయి కానీ ఎన్నాళ్ళు మన్నుతుందో, ఎంత శబ్దం చేస్తుందో చెప్పవు.

ఒక దుకాణంలో అదే పేరున్న డబ్బా సగం ధరకు ఇస్తామన్నారు. విప్పి చూస్తే ప్యాడ్ అంచు చేత్తో గీకితే రాలుతోంది, వెనుక రేకు మీద బ్యాచ్ నంబరు లేదు. బయటికొచ్చేశాను. సీటు కవరు నకిలీదైతే చిరుగుతుంది. ఇది నకిలీదైతే ఏమవుతుందో ఆ ఘాట్ రోడ్డు మీద ఒక అంగుళం రుచి చూసి వచ్చాను.

జత డిస్కులు 3,800, ప్యాడ్లు 2,600, డాట్ 4 ఆయిల్, పిన్నుల రబ్బరు కిట్, సిలికాన్ గ్రీజు, బ్రేక్ క్లీనర్ అన్నీ కలిపి ఇంకో 1,500. డాట్ 5.1 కూడా ఉంది, అది కొత్తగా ఉన్నప్పుడు 260 దాకా ఆగుతుంది. రెండేళ్ళకోసారి తప్పకుండా మారిస్తే నా బండికి డాట్ 4 చాలు. డాట్ 5 మాత్రం పేరు దగ్గరగా ఉందని కొనకూడదు. అది సిలికాన్‌ది, వీటితో కలపకూడదు.

మార్చి 1, శనివారం. మీటరు 81,910

పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే మూడున్నర అయింది. మెకానిక్ తొందరపడే మనిషి కాదు. నేను పక్కనే కూర్చుని అందించాను.

అన్నిటికన్నా ఎక్కువ సమయం హబ్ ముఖం శుభ్రం చేయడానికి పట్టింది. పాత డిస్కు తీశాక ఆ ముఖం మీద పొరలుగా తుప్పు. కొత్త డిస్కు అలాగే పెట్టి నట్లు బిగించి డయల్ గేజ్‌తో చూస్తే ఒక చుట్టుకి 0.11 మి.మీ. ఊగింది. 0.05 లోపల ఉండాలని ఆయన పట్టుదల. డిస్కు తీసి, వైరు బ్రష్షుతో గీకి, ఎమరీ పేపరు పట్టి, స్టడ్ల మొదట్లో కూడా రుద్ది మళ్ళీ పెట్టాం. 0.04 వచ్చింది. ఈ ఒక్క పని చేయకుండా కొత్త డిస్కులు వేస్తే ఆరేడు వేల కిలోమీటర్లకు మళ్ళీ వణుకు మొదలవుతుందట, జనం డిస్కు మంచిది కాదని తిడతారట.

కొత్త డిస్కులకు తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు. బ్రేక్ క్లీనర్‌తో రెండుసార్లు కడిగి కొత్త గుడ్డతో తుడిచాం. తర్వాత ఎక్కడా చెయ్యి పెట్టలేదు. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కనుక పిస్టన్‌ని వెనక్కి నొక్కాలి. నొక్కే ముందు బ్లీడర్ నిపుల్‌కి (క్యాలిపర్ నుంచి ఆయిల్ బయటికి తీసే చోటుకి) గొట్టం తగిలించి వదులు చేశాడు. లేకపోతే క్యాలిపర్లో ఉన్న కాలిన మురికి ఆయిల్ వెనక్కి ఏబీఎస్ యూనిట్‌లోకి పోతుంది. పిన్నులు నాలుగూ తుడిచి, కొత్త రబ్బర్లు వేసి, సిలికాన్ గ్రీజు పలచగా పూసి పెడితే వేలితో తోస్తే జారాయి. ప్యాడ్ కూర్చునే స్టీలు క్లిప్పులు కూడా కొత్తవి వేశాం.

వెనుక డ్రమ్ములు విప్పి పొడి శుభ్రం చేశాం. గాలి కొట్టలేదు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. తడిగుడ్డతో తీశాం. ఆయిల్ పాతది పూర్తిగా పోయి తేనె రంగుది వచ్చేదాకా నాలుగు చక్రాల దగ్గరా తీశాం. చక్రాల నట్లు ఎదురెదురుగా, టార్క్ రెంచితో, మాన్యువల్ చెప్పినంతే బిగించాం. ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ బిగిస్తే ఇంత కష్టపడి తెచ్చిన 0.04 పోతుంది.

తాళం తిప్పబోతుంటే ఆయన తలుపు పట్టుకున్నాడు. “కదిలించకముందు పెడలు పది మార్లు తొక్కు. మొదటిసారి కాలు కిందికి పోతాది, భయపడొద్దు.” నిజమే, పిస్టన్ వచ్చి ప్యాడ్‌ని తాకేదాకా మొదటి మూడు తొక్కులు ఖాళీగా పోయాయి.

మార్చి 2, ఆదివారం. తెల్లవారుజాము

బెడ్డింగ్. కొత్త ప్యాడ్ పదార్థం సన్నని పొరలాగా డిస్కు మీద చుట్టూ సమంగా పరచుకోవాలి. ఐదింటికి లేచి హొసకోటె దాటి చింతామణి రోడ్డు పట్టుకున్నాను. ముందూ వెనుకా ఎవరూ లేనప్పుడు 60 నుంచి 15కి గట్టిగా, ఏబీఎస్ రానంతగా తగ్గించడం, ఆగకుండా మళ్ళీ 60కి పోవడం, మధ్యలో అర నిమిషం గాలి తగలనివ్వడం. ఇలా పది సార్లు. ఏడోసారికి కొత్త వాసన వచ్చింది, అది మామూలే. తర్వాత పావుగంట బ్రేకు ముట్టకుండా మెల్లగా నడిపాను. వేడిగా ఉన్నప్పుడు బండి ఆపి పెడల్ తొక్కి పట్టుకుంటే ప్యాడ్ ఆకారమే డిస్కు మీద అచ్చుపడుతుంది. వణుకు అక్కడే పుడుతుంది. ఇంటికొచ్చి టార్చితో చూస్తే డిస్కు ముఖం అంతా ఒకే బూడిద రంగు, మచ్చ లేదు.

మార్చి 23

నాలుగు చినుకులు పడ్డాయి. పొద్దున బండి తీయగానే గరగర. చూస్తే డిస్కు మీద నారింజ రంగు తుప్పు. పోత ఇనుముకి రాత్రికి రాత్రే పడుతుంది, రెండు మూడు బ్రేకులకు పోయింది. కీచుమనే శబ్దం మాత్రం రివర్స్‌లో ఇంకా కొంచెం ఉంది. సెమీ మెటాలిక్ కదా, ఒప్పుకోవాలి. 1902లో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్క్ బ్రేకుకి పేటెంట్ తీసుకున్నప్పటి నుంచి ఈ శబ్దం గొడవ ఉంది. ప్యాడ్ వెనుక రేకుకి అంటించే షిమ్‌ల (పలుచని రేకుల) పని ఆ శబ్దం పుట్టించే వణుకుని మింగడమే. మావి సరిగ్గా కూర్చున్నాయా అని మళ్ళీ విప్పి చూశాం, కూర్చున్నాయి.

మే 18, ఆదివారం. మీటరు 84,760

మళ్ళీ తిరుమల. అదే ఐదుగురం, అంతే సామాను. దిగే దారి 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు, మలుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఈసారి మొదటి మలుపు నుంచే రెండో గేరు. ఇంజిన్ గట్టిగా అరుస్తుంటే అమ్మకు నచ్చలేదు. “అంత శబ్దమెందుకురా, బండికి ఏమవుతుందో” అంది. “అదే మనల్ని పట్టుకుంటోందమ్మా” అన్నాను. బ్రేకు మలుపు ముందు ఒకసారి గట్టిగా, వెంటనే కాలు తీసేయడం. నాన్న చేతిలో వాచీ పెట్టుకుని కూర్చున్నారు. 43 నిమిషాలు.

కింద ఆపి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టాను. ఎడమ 171, కుడి 164. మెరిసే ఇనుము మీద ఈ పరికరం అసలు కన్నా తక్కువ చూపిస్తుంది, కాబట్టి అంకెను నమ్మను. రెండు వైపుల మధ్య తేడాను నమ్ముతాను. తేడా చిన్నదే, పిన్నులు జారుతున్నాయి. వాసన లేదు. పెడల్ ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. అలిపిరిలో కాసేపు నిలబడి టీ తాగాం. ఆ రోజు పొగ వచ్చిన చోటుకి దగ్గరలోనే.

సెప్టెంబరు 20, శనివారం. మీటరు 90,120

చక్రాలు విప్పి కొలిచాం. ఇకమీదట ప్రతి టైర్ రొటేషన్‌కీ కొలవాలని పెట్టుకున్నాను. ప్యాడ్లు కొత్తగా 10 మి.మీ. ఇప్పుడు ఎడమ లోపలిది 8.4, బయటిది 8.6. కుడివైపు రెండూ 8.6. డిస్కులు 19.9, ఎనిమిది చోట్లా తేడా 0.01 లోపలే. ఆయిల్‌లో నీరు 1 శాతం లోపు. ఎడమ కింది పిన్ను కొంచెం బిగుతుగా తగిలింది. లాగి చూస్తే రబ్బరు మడతలో వెంట్రుకంత చీలిక, లోపల సన్నని మట్టి. తుడిచి గ్రీజు పెట్టి తాత్కాలికంగా బిగించాం. కొత్త రబ్బరు కిట్ గురువారం వస్తుందని జె.సి. రోడ్డు దుకాణం నుంచి ఫోన్. శనివారం పొద్దున రమ్మని మెకానిక్ చెప్పాడు, అప్పటిదాకా ఆఫీసుకి మెట్రోలో వెళ్తాను.